ఓడలో వాకిలి

మొన్న ఆదివారం పొద్దున తలస్నానం చేసి తువాలు చుట్టుకుంటున్నాను. వంటగదిలోంచి చెక్క మీద రాయి తగిలిన చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఇంకొకటి. నా నోరు నన్ను అడక్కుండానే "ఉండా" అనేసింది. వెళ్ళి చూస్తే మా ఎస్తేరు చపాతీల పీట మీద టీలోకి అల్లం దంచుతోంది, అరచేతిలో ఇమిడేంత నాపరాయి ముక్కతో. "ఎవరు పిలిచారమ్మా, ఉండా అన్నావు?" అంది. ఎవరో దానికి తెలుసు, ఊరికే అడిగింది. రాయి లాక్కుని, కడిగి, మళ్ళీ బీరువాలో చీరల కింద దాచాను. చేతికి అంటిన అల్లం వాసన మధ్యాహ్నానికి పోయింది గానీ ఆ రాతి చల్లదనం మాత్రం సాయంత్రం దాకా అరచేతిలోనే ఉంది.

ఆ రాయి రూతమ్మ పెద్దమ్మది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెప్తాను. బేతంచెర్లలో మా క్రైస్తవుల పేట చివర, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఆమెది ఒంటిగది ఇల్లు. పిలవడానికి పెద్దమ్మే గానీ మాకు చుట్టరికం లేదు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. తడి బండలు ఎత్తీ ఎత్తీ ఒక భుజం కిందికి జారిపోయింది. మాట కటువు. నవ్వితే మాత్రం ఫ్యాక్టరీ మిషన్ల రొదలో కూడా వినపడేది. పేటలో అందరమూ పగలంతా రాతి దుమ్ముతో తెల్లగా తిరిగేవాళ్ళమే. ఆమె సాయంత్రం ఆ దుమ్ము కడుక్కునే దాకా ఎవరి పేరూ పలికేది కాదు. అమ్మీ, అబ్బీ అని పిలిచేది. దుమ్ము నోటితో పేరు పలికితే మనిషిని తక్కువ చేసినట్టని ఆమె పట్టింపు.

క్రిస్మస్ పొద్దున నాలుగున్నరకు, చర్చి గంట కొట్టకముందే, ఆ రాయి పట్టుకుని ప్రతి ఇంటికీ వచ్చేది. తలుపు మీద రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఇంకొకటి. లోపల అందరం మేలుకునే ఉండాలి, దీపం వేయకూడదు, మన పేరు పిలిచేదాకా గడప దాటకూడదు. పెద్దవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే ఇంటిపేరుతో సహా పిలుస్తుంది. పేరు వచ్చినవాళ్ళు ఉన్నామని చెప్పడానికి "ఉండా" అనాలి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయినవాళ్ళుంటే ఇంట్లోవాళ్ళు "ఊర్లో లేడు, బాగుండాడు" అనాలి. ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేరు కూడా ఆఖరుసారి పిలుస్తుంది. దానికి లోపలివాళ్ళు "పోయినాడు, ప్రభువు దగ్గరికి" అని గట్టిగా చెప్పాలి. పిలిచే మనిషే జవాబు చెప్పకూడదు. ఒక పేరు దాటి తర్వాతి పేరు పిలిచాక ఇంక వెనక్కి తిరగకూడదు. ఇది ఏ గ్రంథంలోనూ లేదు. మా పాస్టరుగారు దీన్ని ఆపాలని రెండుమూడేళ్ళు చూశారు. ఒక ఏడాది ఆమె ఆయన తలుపు కొట్టకుండా వెళ్ళిపోతే, నన్ను మరిచావేమమ్మా అని ఆయనే నొచ్చుకున్నారు.

నాకు పదేళ్ళప్పుడు ఎండాకాలంలో మా తాత దేవదానం పోయాడు. నన్ను భుజాన వేసుకుని రైల్వేస్టేషనుకు తీసుకెళ్ళి గూడ్సు బండ్లు చూపించిన తాత. నాన్నమ్మను మేము జేజి అంటాం. పండుగ ముందురోజే జేజి మా నాయనతో, ఆ మాట తను చెప్పలేనని, నువ్వే చెప్పమని అంది. పొద్దున రాయి తగిలింది. బయటినుంచి తాత పేరు వచ్చింది. మా నాయన గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోపల నేను "ఉండాడు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పగలను. పోయినాడు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినడం నాకు ఇష్టం లేదు, అంతే. బయటినుంచి "ఎవరమ్మీ పలికింది?" అని వినిపించింది. "నేను, సలోమిని" అన్నాను. "అట్లనా" అంది పెద్దమ్మ. ఆ తర్వాత జేజి పేరు పిలిచింది.

మూడో రోజు నుంచి మా వాకిట్లో దగ్గు వినపడింది. రెండుసార్లు దగ్గి, గొంతు గీరుకోవడం. తాత దగ్గు ఎట్లుంటుందో మా వీధిలో కుక్కకు కూడా తెలుసు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. గడప పక్కన ఆయన కూర్చునే బండ ఒకటుంది. మా ఊరి ఎండలకు బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. ఆ బండ మాత్రం చల్లగా ఉండేది. నేను ఒక చేయి దాని మీదా, ఒక చేయి పక్క బండ మీదా పెట్టి చూశాను, ఒకసారి కాదు, చాలాసార్లు. జేజి అక్కడ చెంబుతో నీళ్ళు పెట్టేది. మర్నాటికి నీళ్ళు అట్లే ఉండేవి. "తాగల్యాకుండాడు. లోపలికి రాల్యాడు, పోనూ ల్యాడు" అని ఏడ్చేది. తను కూడా అన్నం తగ్గించేసింది. పిడికెడు తిని లేచి వాకిలి వైపు చూస్తూ కూర్చునేది.

జేజి చిక్కిపోతుంటే చూడలేక ఒక సాయంత్రం రూతమ్మ పెద్దమ్మ దగ్గరికి పోయాను. తిడుతుందనుకున్నాను. స్నానం చేసి తల దువ్వుకుంటోంది. "నువ్వు ప్రేమతోనే చెప్పినావు సలోమీ. కానీ ఆయన్ను వాకిట్లో నిలబెట్టినావు. ముసలాయన కదా, కాళ్ళు నొస్తాయి" అంది. ఏం చేయాలని అడిగాను. "మల్ల పండక్కి మల్ల పిలుస్తా. నువ్వే పలకాల. నాయన కాదు, జేజి కాదు. చెప్పిన నోరే దిద్దుకోవాల." మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. తాత పేరు వినగానే నాకు ఏడుపొచ్చింది. "పోయినాడు, ప్రభువు దగ్గరికి" అన్నాను. బయటినుంచి "వినపడల్యా" అంది. ఆ క్షణాన ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో. రెండోసారి గట్టిగా, దాదాపు అరిచినట్టు చెప్పాను. ఆ పొద్దు నుంచి దగ్గు లేదు. జేజి ఆ రోజు రెండు కజ్జికాయలు తింది.

తర్వాత నేను నర్సునయ్యాను. కర్నూలులో ఒక ఆసుపత్రి వార్డులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. దయ్యాలనూ భూతాలనూ పట్టించుకునే తీరిక నాకు లేదు. రాత్రి డ్యూటీలో మంచం కిర్రుమంటే నూనె వేయించే రకాన్ని. అయినా ఏ ఏడాదీ క్రిస్మస్ పొద్దున బేతంచెర్లలో లేకుండా ఉండలేదు. పోయిన ఏడాది రాతి దుమ్ము పెద్దమ్మ ఊపిరితిత్తులను పూర్తిగా పట్టేసింది. వానాకాలం ఆఖర్లో ఆమె మా వార్డుకే వచ్చింది. అప్పటికే మా ఆయన ప్రసాదు తన కాలేజీ స్నేహితులతో కలిసి క్రిస్మస్‌కు చెన్నై నుంచి ఓడ ప్రయాణం ఖాయం చేసేశాడు. మా ఆయనది కడప, అందరితో కలిసి తిరగడమంటే ప్రాణం. ఒక్క ఏడాదికి ఏమవుతుందన్నాడు. ఎస్తేరు అప్పటికే స్కూల్లో అందరికీ చెప్పేసుకుంది. ఇంక నేనేం కాదనగలను.

ఆ సంగతి పెద్దమ్మకు దాచిపెట్టి తిరుగుతుంటే ఆమే అడిగింది. "ఈసారి నా పేరు గూడా పిలవాల్సొస్తాది. ఎవరు పిలుస్తారు? ఎవరు పలుకుతారు? నాకెవరుండారు?" ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. నేను పిలుస్తానన్నాను. "పిలిస్తే సరిపోదు. లోపల్నుంచి పలికేటోళ్ళు ఉండాల. ల్యాకుంటే వాకిట్లో నిలబడిపోతా. ఊరందర్నీ పంపించి నేను నిలబడిపోతే బాగుంటాదా?" నవ్వబోయి దగ్గింది. అప్పుడు చెప్పాను, పండుగకు ఓడలో ఉంటామని. కోప్పడుతుందనుకుంటే, "ఓడలో వాకిలి ఉంటాదా?" అంది. ఉంటుందన్నాను. "అయితే సాలు. నా పేరు ఆఖర్న పిలు" అని దిండు కింది నుంచి రాయి తీసి ఇచ్చింది. నాలుగు రోజులకు పోయింది. కళ్ళు నేనే మూశాను.

రేవులో సంచులు తనిఖీ చేసే అమ్మాయి ఆ రాయి బయటికి తీసి, "ఇదేంటి మేడమ్?" అంది. రాయి అన్నాను. ఎందుకంది. తలుపు కొట్టడానికన్నాను. నా మొహం చూసి సంచిలో వేసేసింది. ఓడ నిండా రంగు కాగితాలు, ఎర్ర టోపీలు, మూడంతస్తుల ఎత్తు క్రిస్మస్ చెట్టు, ఎటు తిరిగినా తిండి. బిందెడు నీళ్ళకు బోరింగు దగ్గర వరసలో నిలబడి పెరిగినదాన్ని, చుట్టూ అన్ని నీళ్ళు చూస్తే సంతోషం కాలేదు, భయమేసింది. పండుగ ముందురోజు సాయంత్రం మా గదిలో కూర్చుని ప్రసాదుకూ ఎస్తేరుకూ ఎవరి జవాబు ఏమిటో నేర్పాను. రూతమ్మ పెద్దమ్మ పేరుకు ఎస్తేరు చెప్పాలి. పదేళ్ళ పిల్ల, ప్రతి సెలవులకూ ఆమె ఒళ్ళో పడుకున్న పిల్ల. సరేనంది. ప్రసాదు కూడా ఎగతాళి చేయకుండా తల ఊపాడు.

నాలుగున్నరకు నేను బయటికొచ్చి తలుపు వేసుకున్నాను. పొడవాటి నడవా, రెండు పక్కలా ఒకే రకం తలుపులు, మెత్తని తివాచీ. నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. నేల మాత్రం నిద్రలో ఊపిరి తీసినట్టు మెల్లగా లేచి దిగుతోంది. రాయితో కొట్టాను. రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి. ప్రసాదు పేరు పిలిచాను, "ఉండా" అన్నాడు. ఎస్తేరును పిలిచాను, "ఉండా" అంది. ఆఖరు పేరు, ఇంటిపేరుతో సహా, పిలిచాను. లోపల్నుంచి ఎస్తేరు గొంతు, చాలా మామూలుగా, "ఉండాది" అంది. "ఈడనే, నా కాళ్ళ దగ్గర కూర్చోనుండాది."

తలుపు తీసుకుని లోపలికి పోయాను. చీకట్లో ఎస్తేరు మంచం మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది, ఎవరికో చోటిచ్చినట్టు. నేను వంగి మంచం చివర చేయి పెట్టాను. పరుపు చల్లగా ఉంది. మంచు చల్లన కాదు, మా వాకిట్లో తాత బండ చల్లన. జానెడు పక్కన పెడితే వెచ్చగానే ఉంది. నిజం చెప్పాలంటే, ఉండనీలే, నాతోనే కర్నూలుకు రానీలే అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అప్పుడు జేజి చెంబు గుర్తొచ్చింది, తాగని నీళ్ళు గుర్తొచ్చాయి. ఇంకో పేరు ఇంకా పిలవలేదు కాబట్టి దిద్దుకోవడానికి దారి ఉంది. రాయి ప్రసాదు చేతికిచ్చి, "మీరు పోయి పిలవండి. ఏమీ అడగొద్దు" అన్నాను. పోయాడు.

నేను ఎస్తేరు పక్కన కూర్చుని దాని చేయి పట్టుకున్నాను. "పెద్దమ్మకు కాళ్ళు నొస్తాయిరా. ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాను. అది ఏడుస్తూ తల ఊపింది. రాయి తగిలింది. ప్రసాదు పెద్దమ్మ పేరు పిలిచాడు. "పోయింది, ప్రభువు దగ్గరికి" అన్నాం. మా ఇద్దరి గొంతులూ పీలగా వచ్చాయి. తలుపవతల నుంచి "వినపడల్యా" అన్నాడు. ఆ మాట నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మేము మళ్ళీ చెప్పాం, ఈసారి గట్టిగా, నాకు పదకొండేళ్ళప్పుడు చెప్పినంత గట్టిగా. ప్రసాదు లోపలికొచ్చి లైటు వేశాడు. మా ఇద్దరినీ చూశాడు, స్నానాల గది తలుపు తీసి అందులోనూ చూశాడు. "ఇంకెవరుండారు ఈడ? రెండోసారి మూడు గొంతులు పలికినాయి" అన్నాడు. నేను మంచం చివర చేయి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

ఆ తర్వాత కొత్త బట్టలు కట్టుకుని, పైకెళ్ళి, రేకు డబ్బాలో తెచ్చుకున్న కజ్జికాయలు తింటూ సూర్యోదయం చూశాం. ఎస్తేరు నిజంగా ఏమి చూసిందో నేను అడగలేదు. అదీ చెప్పలేదు. నాకు మిగిలింది వేరే ఒకటి. వార్డులో ఎవరైనా పోతే, చిన్న డాక్టర్లు బయట నిలబడిన వాళ్ళతో ఏవేవో చుట్టుతిప్పి చెప్తారు, ప్రయత్నిస్తున్నామంటారు, చూద్దామంటారు. నేను చేతులు కడుక్కుని, పోయిన మనిషిని పేరు పెట్టి ఒకసారి పిలిచి, బయటికొచ్చి చెప్తాను. పోయినాడమ్మా, అంటాను. కొందరు నన్ను రాతి గుండెదని తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఎవరినీ వాకిట్లో నిలబెట్టను.

మొన్న రాయి దాచి వంటగదిలోకి వచ్చేసరికి ఎస్తేరు టీ వడగడుతోంది. తల ఎత్తకుండానే, "అమ్మా, నీ పేరు వచ్చినప్పుడు నేను పిలవాలా, పలకాలా?" అంది. పలకాలన్నాను. అది "సరే. గట్టిగానే చెప్తాలే. రెండోసారి అడిగించుకోను" అని గ్లాసు నా చేతికిచ్చింది. అల్లం ఎక్కువైంది. మొత్తం తాగాను.