రుమాలు కింద ట్యూషన్

మెట్రిక్ చదివే రోజుల్లో నాకు ఒళ్లంతా పౌరుషమే. నల్గొండ హైస్కూల్లో చదువంతా ఉర్దూలో సాగేది. లెక్కలైనా చరిత్రైనా మంచినీళ్లు తాగినట్టు చెప్పేసేవాణ్ని. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాఠాలకు పాఠాలు బట్టీ పట్టడమే. పుస్తకంలో లేని ప్రశ్న అడిగితే నోట మాట రాదు. అర్ధ సంవత్సర పరీక్షలో అలాంటి ప్రశ్నలే వచ్చాయి, బోల్తా కొట్టాను. బళ్లో పెట్టే చివరి పరీక్షలోనూ ఇంగ్లీషు తప్పితే మెట్రిక్‌కు పంపేది లేదని మా సారు తేల్చేశారు. కోర్టులో తర్జుమా పని చేసి పింఛను తీసుకుంటున్న మున్షీ సాబ్ ఒకరున్నారు, ఆయన దగ్గర ట్యూషన్ పెట్టించుకో అన్నారు.

నాకు ట్యూషన్ వద్దని ఇంట్లో తెగేసి చెప్పాను. మా క్లాసులో ట్యూషన్‌కు పోయేవాణ్ని కర్ర లేకుండా నడవలేని ముసలాయనలా చూసేవారు. ఆ చూపులు నేను పడలేను.

"మల్ల తప్పితే ఏం జేస్తవ్ బిడ్డా?" అంది అవ్వ. అమ్మానాన్నలు నాకు అవ్వా బాపూ.

"తప్పను."

"మొన్న తప్పినవ్ గద!"

కోపమొచ్చి కంచం ముందు నుంచి లేచాను. అవ్వ వంకాయ కూర గిన్నె మూత తీసింది. మళ్లీ కూర్చున్నాను.

బాపు ఎడ్ల బేరగాడు. మా ఊరు పానగల్‌లో కన్నా చుట్టుపక్కల ఊళ్ల పశువుల అంగళ్లలోనే ఎక్కువగా ఉండేవాడు. దేన్నీ చూడకుండా ఒప్పుకోడు, చూడకుండా కాదనడు. "ఎడ్లను గొనే ముందట ఒక పూట అరక గట్టి చూస్తం గద. గా ట్యూషన్ సారును గూడ ఒక పూట చూద్దం. నచ్చకుంటే అప్పుడు వద్దను" అన్నాడు.

అప్పట్లో బడికి సెలవు శుక్రవారమే. ఇద్దరం నల్గొండకు నడిచాం. ఆ ఎడ్ల మాట మా ఇంటి వరకే అనుకున్నాను కానీ, మున్షీ సాబ్ గుమ్మంలోనే బాపు ఉన్నదున్నట్టు అనేశాడు. "సాబ్, మీరు జర ఏమనుకోకుండ్రి. మేం ఎడ్లను అరక గట్టి చూసుకొని తీసుకుంటం. మిమ్ములను గూడ ఒక పూట చూసుకుంట."

నాకు తల కొట్టేసినట్టయింది. మున్షీ సాబ్ తెల్లగడ్డం అదిరేలా నవ్వారు. "కట్టు పటేలా, కట్టు! గింత ఉమర్ వచ్చినంక నాకు గీ ఇమ్తెహాన్, గీ పరీక్ష గూడ ఉన్నదా!"

నేను తెచ్చిన పుస్తకాన్ని పక్కకు జరిపి, మీ నాన్న ఏం పని చేస్తాడని ఇంగ్లీషులో అడిగారు. పుస్తకంలో లేని ప్రశ్న. బట్టీ పట్టిన పాఠాలన్నీ మనసులో తిరగేశాను. బాపు గోడకు ఆనుకొని, కొత్త ఎద్దు నడక చూసినట్టు ఆయన్నే చూస్తున్నాడు.

మున్షీ సాబ్ తొందర పెట్టలేదు. అంగట్లో రుమాలు కింద చేతులు పట్టుకొని బేరం చేస్తారు కదా, దూరం నుంచి ఎన్నోసార్లు చూసినా అదేమిటో తనకు అంతుపట్టలేదు, ఇంగ్లీషులో చెప్పమన్నారు. నన్ను పరీక్షించడానికి అడగలేదు, నిజంగానే ఆయనకు తెలియదు. నేను ఆ బేరాల మధ్యే పెరిగాను. బాపు తలరుమాలు అడిగి తీసుకొని మా ఇద్దరి చేతుల మీద కప్పాను.

"మౌత్ నో టాక్, సర్. ఫింగర్ టాక్."

"వై?"

"ఆల్ మెన్ లుకింగ్, సర్. నో మ్యాన్ నోస్ ప్రైస్."

ఏ వేలు పట్టుకుంటే ఎంత ధరో చెప్పాను. పూర్తి అరచేయి నొక్కితే బేరం కుదిరినట్టనీ, ఇష్టం లేకపోతే చెయ్యి తీసేసుకుంటారనీ, దానికి ఎవరూ నొచ్చుకోరనీ చెప్పాను. ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. అంతా తప్పుల తడకే, కానీ బట్టీ పట్టింది కాదు, నాది. లేచి గంతులేయాలన్నంత సంతోషం కలిగింది.

బాపుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "నడక మంచిగున్నది" అన్నాడు. ఎవరి నడకో నేను అడగలేదు.

ఇక ట్యూషన్‌కు ఆయనకిచ్చే జీతం సంగతి. బాపు రుమాలును మున్షీ సాబ్ చేతి మీద వేశాడు. అప్పుడే నేర్చుకున్న విద్య కదా, ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడుతూ వేళ్లు నొక్కారు. ఏదో తప్పు వేలు పట్టినట్టున్నారు, బాపు నవ్వి మళ్లీ మొదటి నుంచి పట్టించాడు. బేరం తెగింది. ఎంతకో ఇప్పటికీ నాకు తెలియదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. రుమాలు చుట్టుకోబోయిన బాపు ఆగి నా వైపు తిరిగాడు. "మా ఇద్దరి మాట అయింది. సదివేటోనివి నువ్వు. నీ మాట నువ్వు జెప్పు" అంటూ రుమాలు కింద చెయ్యి చాచాడు.

ఆ రుమాలు కింద ఆయన పెద్ద పెద్ద బేరగాళ్ల చేతులు పట్టుకోవడమే చూశాను. నన్నెప్పుడూ అలా అడగలేదు. కింద నేనేం చెప్పినా పైకి ఎవరికీ కనిపించదు, నా పౌరుషం నాకే ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టాను. గరుకైన ఆ అరచేతిని పూర్తిగా, గట్టిగా నొక్కాను.

బాపు ముఖంలో ఏమీ కదలలేదు, అంగట్లో ఉన్నట్టే ఉన్నాడు. రుమాలు తలకు చుట్టుకునేటప్పుడు మాత్రం చుట్టు తప్పింది. విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.