మా వదిన, మూడు వందల డ్రోన్లు, ఒక కుర్చీ

మా వదిన పదహారేళ్లు జాకెట్లు కుట్టింది. ఇప్పుడు ఆకాశంలో బొమ్మలు వేయిస్తోంది. ఆమెను ఈ పనిలోకి తీసుకొచ్చింది నేనే. ఆ గొప్ప నాకు చాలాకాలం ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

డ్రోన్ల ప్రదర్శన చూసినవాళ్లు, అవన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఎగురుతాయనుకుంటారు. అదేం కాదు. దేని దారి దానిదే. ఏ క్షణానికి ఎక్కడ ఉండాలి, ఏ రంగులో వెలగాలి అన్నది ఒక్కోదానికి ముందే రాసిపెడతాం. పక్కది ఏం చేస్తోందో దానికి పట్టదు. ఆ రాత నా పని. మైదానంలో టేపు పట్టి, మీటరున్నర ఎడంతో వరసలు కట్టి, ఏ నంబరుదాన్ని ఆ నంబరు చోటనే పెట్టించడం వదిన పని. చేరిన మొదటి ఏడాది బ్యాటరీ పెట్టెలు మోసింది. కుట్టుపని చేసిన చెయ్యి కదా, ఆమె వేసిన వరసలో వంకర వెతికినా దొరకదు.

ఆ రోజు ఒక గడియారాల ఫ్యాక్టరీ యాభయ్యో వార్షికోత్సవం. వదిన మొదటిసారి ఇన్‌చార్జి. మా బాస్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇది బాగా జరిగితే ఇకనుంచి ప్రదర్శనలన్నీ నీవేనమ్మా. లేదంటే మళ్లీ పెట్టెలే."

"పెట్టెలు మోయడానికి వేరేవాళ్లని చూసుకోండి సార్," అంది వదిన. ఆమెకు లేని భయమంతా నాకు పట్టుకుంది.

చివరి బొమ్మ ఒక పెద్ద గడియారం. ముళ్లు గిరగిరా తిరిగి, సరిగ్గా ఏడుంపావు దగ్గర ఆగాలి. అప్పుడు నిజంగానే టైము ఏడుంపావు కావాలి.

సాయంత్రం ఐదున్నరకు వరసలు పూర్తయ్యాయి. పదిహేను వరసలు, వరసకు ఇరవై. వదిన నడుం నిమురుకుంటూ తలెత్తేసరికి, రోడ్డుకు ఎదురుగా, ఫ్యాక్టరీ షెడ్డు గోడవైపు ఒక పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, ఇటు కూర్చున్నారేంటి? కుర్చీలు రోడ్డువైపు కదా?"

"మధ్యాహ్నం ఇటు మార్చేశారమ్మా. అటైతే ఉపన్యాసాలప్పుడు ఎండ కళ్లలో కొడుతుందట. ఈ ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు ముళ్లు బిగించాను, ముందు వరస వదులుకుంటానా!"

పొద్దున కుర్చీల దొంతర్లు రోడ్డువైపు కనిపిస్తే, జనం అక్కడే కూర్చుంటారని మేమే అనుకుని, బొమ్మల ముఖం అటు పెట్టాం. తర్వాత తల దించుకుని టేపుతో కుస్తీ పడుతుంటే, మా వెనక కుర్చీలు మారిపోయాయి.

వదిన నా దగ్గరకు వచ్చింది. "అబ్బాయ్, గడియారాన్ని వెనకనుంచి చూస్తే ముళ్లు ఎటు తిరుగుతాయి?"

"వెనక్కి," అన్నాను లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. అన్నాక గానీ తలకెక్కలేదు. జీవితమంతా గడియారాలు చేసినవాళ్ల ముందు ముళ్లు వెనక్కి తిరిగే గడియారం! ఆఫీసులో ఎప్పుడూ బొమ్మను తెరమీద ముందునుంచే చూసుకుని మురిసిపోతాం. దాని వెనక్కి వెళ్లి చూడాలని ఒక్కడికీ తోచలేదు.

"జనం ఎక్కడ కూర్చుంటారో నేను అడగాల్సింది, అడగలేదు. తర్వాత తిట్టుకుందాం. ఇప్పుడేం చేయొచ్చు?" అంది వదిన.

"బొమ్మని సగం చుట్టు తిప్పడం నిమిషం పని వదినా. కానీ అప్పుడు ఒకటో నంబరు లేవాల్సిన చోటు ఎదురు మూలకి పోతుంది. మూడొందలూ ఎత్తి మళ్లీ పెట్టాలి. ఇవి పెట్టడానికే రెండు గంటలు పట్టింది. బాస్‌కి చెప్పి ఆపేద్దాం."

వదిన నా నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, పెట్టె మీద పరిచి, సగం చుట్టు తిప్పింది.

"నాలుగు మూలలూ మళ్లీ మూలల మీదే పడ్డాయి కదా. ఖాళీ చోటు మిగిలిందా?"

"లేదు."

"మరి మోయడం దేనికి? అన్నీ ఒకేలాంటివే. ఎక్కడున్నది అక్కడే ఉండనీ, పని మార్చు. ఒకటోదాని పని మూడొందలోదానికి, రెండోదాని పని రెండొందల తొంభై తొమ్మిదోదానికి. గుడ్డ కదపకూడదబ్బాయ్, కొలత కాగితం తిప్పాలి."

ఇంజనీరింగ్ చదివింది నేను. సిగ్గేసింది, దానికంటే ఎక్కువ సంతోషమేసింది.

నేను పనులు మార్చి అన్నింటికీ పంపేలోపు, వదిన కుర్చీలకూ డ్రోన్లకూ మధ్య దూరం కొలిచి, ముందు వరసను నాలుగు అడుగులు వెనక్కి జరిపించింది. తాతగారు గొణుక్కుంటూనే జరిగాడు. అయినా వదినకు నమ్మకం కుదరలేదు. ఎదురు మూలకు వెళ్లి నిలబడి, "ఒకటోదాని పని ఇప్పుడు ఎవరిది? దాన్ని ఎర్రగా వెలిగించు," అని అరిచింది. ఆమె కాళ్ల దగ్గరే ఎర్ర దీపం వెలిగింది.

ఏడూ ఐదుకు మూడు వందలూ ఒక్కసారిగా లేచాయి. చివరికి గడియారం వచ్చింది. నేను ఆకాశాన్ని చూశాను. వదిన కుర్చీలను చూసింది. ముళ్లు తిరిగి తిరిగి ఏడుంపావు దగ్గర ఆగాయి. జనం ఈలలు వేస్తుంటే తాతగారు తన చేతి గడియారం చూసుకున్నాడు.

"రెండు సెకన్లు ఆలస్యం," అన్నాడు.

వదిన పగలబడి నవ్వింది. "తిరగాల్సిన వైపే తిరిగింది కదా తాతగారూ?"

"ఎటు తిరుగుతుందమ్మా మరి?" అన్నాడాయన, ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు.

ఇప్పుడు మా ప్రదర్శనలన్నీ వదినవే. ఏ మైదానానికి వెళ్లినా ముందు జనం కూర్చునే చోటు అడిగి, అక్కడ ఒక కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. వచ్చీ రాగానే కూర్చుందేంటని కొత్తగా చేరినవాళ్లు గుసగుసలాడతారు. నేను మాత్రం ఆమె లేచేదాకా టేపు విప్పను.