ఏరేసిన నత్తగుల్లలు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనుకోకండి. ధైర్యమే ఉంటే మొన్న జగిత్యాలలోనే చెప్పి ఉండేవాణ్ణి.

నాది కోరుట్ల. ప్లాట్లు అమ్మిపెట్టడం నా పని. ఊరి బయట చెరువు పక్కన మా సేటు ఒక వెంచర్ వేశాడు. అది శిఖం పట్టా భూమి. అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల. పట్టా ఉంటుంది, నీళ్లు తగ్గినప్పుడు దున్నుకోవచ్చు, కానీ ఇల్లు కట్టకూడదు. ఈ సంగతి ఇక్కడ బర్లు కాసేవాళ్లకు కూడా తెలుసు. మరి నాకు తెలియదా? తెలుసు. వెంచర్‌కు అనుమతి లేదనీ తెలుసు. అందుకే చెరువు ఎక్కడో అడుగున చిన్న మడుగులా మిగిలినప్పుడు, ఎండాకాలంలోనే ప్లాట్లు చూపించేవాళ్లం.

చిక్కల్లా నత్తగుల్లలతోనే. ట్రాక్టర్‌తో చదును చేసిన ప్రతిసారీ అవి మట్టిలోంచి తెల్లగా పైకి తేలేవి. ఇది చెరువు నేల అని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కొనేవాళ్లు రాకముందే, పొద్దున్నే బస్తా పట్టుకుని వాటిని ఏరేవాణ్ణి. ఆ పని చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నా బుర్రలో పుట్టిన తెలివే అది. సేటు భుజం తట్టి మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయాను. ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కంపరమెత్తుతుంది.

అలాంటి ఒక పొద్దున మరియమ్మ వచ్చింది. వాళ్లది కోనరావుపేట దగ్గరి ఊరు. భర్తకు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని. తను కోరుట్లలో ఉండి బీడీలు చేస్తుంది. తరతరాలుగా ఒకరి పొలంలో కూలికి పోయినవాళ్లే తప్ప, సొంత జాగా ఎరిగినవాళ్లు ఆ ఇంట్లో లేరు. ప్లాటు చివరిదాకా నడిచి, వంగి ఏదో తీసింది. నా కంటపడకుండా మిగిలిపోయిన గుల్ల.

"గిది గీడికెట్ల అచ్చిందన్నా? చెరువు గిట్ల గీడిదాంక అస్తదా ఏంది?"

"లేదు చెల్లె. రోడ్డుకు మొరం పోయించినం గద, దాంతోని అచ్చి ఉంటది. చెరువు ఆడెక్కడో ఉన్నది, సూడరాదు."

ఆమె చెరువు వైపు చూసింది. మళ్లీ నా మొహం వైపు చూసింది.

"నువ్వు చెప్పినంక ఇంకేంది. మా ఇంట్ల జాగ కొనుడు నాతోనే మొదలు. నీ మాట మీదనే తీసుకుంటున్న."

గుల్లను పక్కకు విసిరేసి, చేయి కొంగుకు తుడుచుకుంది. నేనేం చేశానో తెలుసా? వెళ్లేటప్పుడు ఆ గుల్లను వెతికి మరీ జేబులో వేసుకున్నాను.

ఇల్లు మొదలుపెట్టిన రోజు పాస్టర్ గారు ప్రార్థన చేశారు. తోడబుట్టినవాళ్లు లేరంటూ మరియమ్మ మొదటి రాయి నా చేతికిచ్చింది. పెట్టాను. నీళ్లొచ్చే నేల మీద, వస్తాయని తెలిసిన చేత్తోనే.

తర్వాత అనుమతి లేని ప్లాట్లకు రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది, అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేస్తామన్నారు. ఊరంతా దరఖాస్తులే. చెరువు హద్దులోపల ఉన్నవాటికి అది వర్తించదు. తెలిసి కూడా మరియమ్మ దరఖాస్తు నేనే దగ్గరుండి పెట్టించాను. సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సాయమా అది? నిజం చెప్పాల్సిన రోజును వాయిదా వేసుకోవడం కాదూ? దరఖాస్తు తిరస్కరించినప్పుడు ఆమె కంటే ఎక్కువగా నేనే సర్కారును తిట్టాను. ఈ రూల్సన్నీ పేదోళ్ల మీదనే అని హోటల్లో కూర్చుని గొంతు చించుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నేను సర్కారును తిడుతుంటే నా తప్పు ఎవరికీ కనబడదనుకున్నాను. రూల్‌లో తప్పేముంది? చెరువు జాగా చెరువుదే అంది. ఆ మాట ఆమెకు మొదట చెప్పాల్సింది నేను.

పోయిన వానాకాలం చెరువు నిండి నీళ్లు ఆమె వంటింట్లోకి వచ్చాయి. అధికారులు సర్వే చేసి, చెరువు హద్దులో ఉందని గోడ మీద ఎర్ర గీత గీశారు. ఇల్లు తీసెయ్యాలని నోటీసు ఇచ్చి, చెప్పుకునేది ఉంటే జగిత్యాల ఆఫీసుకు రమ్మన్నారు. సాక్ష్యానికి మరియమ్మ ఎవరిని పిలిచిందో వేరే చెప్పాలా? ఆ జాగాలో ఎన్నడూ నీళ్లు లేవని నేను చెబితే చాలు, ఆఫీసులో సారు నమ్ముతాడని ఆమె ఆశ.

ఆ అధికారి మంచివాడే. ఇల్లు నిలవడం కష్టమని ముందే చెప్పేశాడు. కానీ అమ్మినవాళ్లు తెలిసే మోసం చేశారని తేలితే వాళ్ల మీద కేసు పెట్టవచ్చు, ఆమెకు వేరే దారి ఏదైనా దొరకవచ్చు అన్నాడు. నా వైపు తిరిగి, అమ్మేటప్పుడు అది చెరువు నేలలా కనిపించిందా అని అడిగాడు. తలుపు తీసిపెట్టి మరీ అడిగినట్టే. లోపలికి ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. కేసంటే మొదటి పేరు నాదే అవుతుందని గుర్తొచ్చింది. నా పిల్లలు గుర్తొచ్చారు. ఆమె పిల్లలు గుర్తుకు రాలేదు.

"నాకు యాదికి లేదు సార్," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. తల వంచుకుని కూర్చున్నాను. నేను బాధపడుతున్నానని మరియమ్మ అనుకుంది. నన్నే ఓదార్చింది.

"పోనియ్ అన్నా. ఎన్ని జాగలు అమ్మినవో ఏమో, గవన్నీ నీకెట్ల యాదుంటయ్!"

యాదుంది చెల్లె. ఆ గుల్ల నీ చేతిలో ఎట్లా మెరిసిందో కూడా యాదుంది. మిగిలినవి ఏరేసింది నేనే.

ఈ మాట వినాల్సింది మీరు కాదు, ఆమె. అయినా రాశాక గొంతు కాస్త తెరుచుకుంది. ఆమె ఇంటి గోడ మీద ఎర్ర గీత అట్లాగే ఉండగా నాకు ఊపిరి తేలిక కావడం, దానికీ సిగ్గుగానే ఉంది.