మేడం నోట్లో అల్లం ముక్క

మొన్న పొద్దున షిఫ్టు మొదలైన కాసేపటికే కోహీర్ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ పోయింది అక్కా. మాపటికల్లా తీస్కపోతం" అన్నాడు మా మేడం కొడుకు. కోహీర్ వెళ్దామని సంచి అందుకున్నాను.

జహీరాబాద్ దగ్గర ట్రాక్టర్ బ్రేకులు బిగించే మా ఫ్యాక్టరీలో ఆవిడ ప్రొడక్షన్ మేనేజర్‌గా ఉండేవారు. నేను అప్పుడు ఆవిడ కింద సూపర్‌వైజర్ని. ఏ తేడా కనిపించినా పైన వేలాడే తాడు లాగి లైను ఆపాలి. తాడు ఎవరైనా లాగొచ్చు, జవాబు మాత్రం మేనేజరే చెప్పాలి. మేడం వచ్చాక ఆ పద్ధతి మారింది. లాగినవాళ్లే చెప్పాలన్నారు.

ఆవిడ రిటైరయ్యే ముందు తన పోస్టుకు నా పేరు పంపారు. "ఒక ఆడమనిషి చేసింది చాలదా?" అని పెద్దలు గొణిగారు. సరిగ్గా ఆ వారమే నేను తాడు లాగాను. లైను ఆగింది. ఫ్యాక్టరీ మొత్తం చూసే పెద్ద సారు రుసరుసలాడుతూ వచ్చి మేడం ముందు నిలబడ్డారు.

"ఎవరు ఆపమన్నరు?"

మేడం తాపీగా సంచిలోంచి తమ చేలో పండిన అల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకున్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఇప్పుడు తడబడితే కుర్చీ పోయినట్టే.

"నేనే ఆపిన సార్. బోల్టు పట్టు చాలుతలేదు. రండి, చూపిస్త."

ఆయన చూశారు. తల ఊపి వెళ్లిపోయారు. నాకైతే మేడం మీద ఒళ్లు మండిపోయింది. సాయంత్రం బస్టాండులో నిలదీశాను.

"ఒక్క మాట సాయం రాకపోతిరి మేడం!"

"నేను మాట్లాడితే ఆయన నా మొఖమే చూస్తుండె బిడ్డా. ఇయ్యాల నీ మొఖం చూసిండు. జర ఫికర్ జెయ్యకు."

తలుపు మూసుకుని పెద్దలు కూర్చున్న మీటింగులో మాత్రం అల్లం ఉమ్మేసి నోరు విప్పారట. చిన్నపిల్ల తల్లి, ఈ బరువు మోస్తుందా అని ఎవరో అన్నారట. "పిల్లలున్న మొగోళ్లను గిట్ల అడిగిన్రా ఎన్నడన్న?" అని ఆవిడ గట్టిగా తగులుకున్నారట. ఇది నాకు వేరేవాళ్లు చెప్పారు. ఆవిడ ఏనాడూ చెప్పుకోలేదు. ఆ కుర్చీ నాకొచ్చింది. ఆవిడ రుణం తీర్చుకోలేను.

మొన్న ఫోన్ పెట్టేసి కోహీర్ బయల్దేరబోతుంటే లైను ఆగింది. తాడు లాగింది కొత్తగా సూపర్‌వైజర్ అయిన మొగుడంపల్లి అమ్మాయి. పెద్ద సారు నేరుగా నా దగ్గరకే వచ్చారు.

"ఏమైంది? ఎందుకు ఆగింది?"

కారణం నాకు తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది. పోయిన నెల చూడ్డానికి వెళ్లినప్పుడు మేడం ఇచ్చిన అల్లం ఇంకా సంచిలోనే ఉంది. ఒక ముక్క తుంచి బుగ్గన పెట్టుకున్నాను. ఘాటుకో దేనికో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అమ్మాయి బిక్కుబిక్కుమంటూ నా వైపు చూసింది. నేను పక్కకు జరిగాను.

ఆమె కొంగు నడుముకు దోపుకుని, ఒక అడుగు ముందుకు వేసింది.