ముప్ఫై రెండో తల

మనిషి లెక్కపెట్టడం ఎందుకు నేర్చుకున్నాడన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. గొర్రెల కోసమని కొందరంటారు, నక్షత్రాల కోసమని కొందరంటారు. బస్సులో తలల కోసమని నమ్మేవాడు మాత్రం భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన గైడు. ఇరవై మూడేళ్ళుగా ఒకే యాత్ర నడుపుతున్నాడు: మూడు దీవులు, ఒక పాత రాజధాని, ఆరు రోజులు.

ఆయన లెక్కల చరిత్రను రెండు యుగాలుగా విభజించుకోవాలి. మొదటి యుగంలో ముందు సీటు నుంచి వెనక్కి లెక్కపెట్టేవాడు. ఆ యుగం రెండో దీవిలో ఒక మరుగుదొడ్డి దగ్గర అర్ధాంతరంగా ముగిసింది. లెక్క వెనక సీటు చేరేసరికి ముందు సీటాయన, తన తల ఎలాగూ లెక్కలో పడిపోయింది కదా అని, నిశ్చింతగా దిగిపోయాడు. ఆయన్ని తీసుకురావడానికి పడవ మళ్ళీ వెళ్ళింది. అప్పట్నుంచి రెండో యుగం: వెనక నుంచి ముందుకి, మూసిన గొడుగు కొనతో ఒక్కో తలనీ గాలిలో పొడుస్తూ, పెదవులు కదిపీ కదపకుండా. చివరి అంకె దగ్గర తను తలుపుకి అడ్డంగా ఉంటాడు. ఇక ఎవరూ దిగలేరు. ఆ మాటకొస్తే తనూ దిగలేడు.

ఈ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. భోజనాల దగ్గర గరిటె చేతికి రాగానే భార్యనీ కూతురినీ లెక్కపెట్టేవాడు. "అందరం ఉన్నాం, బండి పోనివ్వండి" అనేది భార్య.

యాత్రల కంపెనీ నియమాల ప్రకారం, ప్రయాణికులు నిలబడి ఉన్నంతసేపూ గైడు నిలబడాలి. వాళ్ళు కూర్చున్నప్పుడు బస్సు తలుపు పక్కనున్న మడత సీటు మీద, వాళ్ళకి ఎదురుగా మొహం పెట్టి కూర్చోవాలి. అంటే ఇరవై మూడేళ్ళుగా ఆయన వెళ్ళిన ప్రతిచోటికీ వీపు ముందుగా వెళ్ళింది. మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. కంపెనీ ఆమోదించలేదు, అంతే.

అలాంటి సమయంలో ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయింది. బుకింగ్ బల్ల వెనక కుర్చీ. చేతులున్నది, తిరిగేది.

"వరసగా ఆరు యాత్రలు ఒక్క చెడ్డ ఫారం రాకుండా నడుపు, కుర్చీ నీదే" అన్నాడు మేనేజరు. చివరి రోజున ప్రయాణికులు నింపే ఫారంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఎవరైనా సరే, ఏ ఒక్కదానికైనా సరే, "లేదు" అని గీత పెట్టారా, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

అయిదు యాత్రలు గండం గడిచాయి. ఆరోదానికి వారం ముందు భార్య అడిగింది.

"ఏమండీ, మీకు కుర్చీ వచ్చేస్తే నాకు ఆ దీవులు చూపించేదెవరు?"

"ఎవరో కొత్త గైడు."

"లైట్‌హౌస్ మీంచి సముద్రం మూడు రంగుల్లో కనబడుతుందని పెళ్ళయిన దగ్గర్నుంచీ నా చెవిలో ఊదింది కొత్త గైడా?"

"సిబ్బంది బంధువులు ఆ యాత్రలో రాకూడదే! తెలిస్తే కుర్చీ కాదు గదా, మడత సీటు కూడా ఉండదు."

ఈ నియమానికీ ఒక చరిత్ర ఉంది. పూర్వం ఒక గైడు అత్తారి తరఫువాళ్ళని పదకొండుమందిని ఆరు రోజులూ కిటికీ సీట్లలోనే కూర్చోబెట్టి, మిగతావాళ్ళకి కిటికీయే దక్కనివ్వలేదు.

"నేను బంధువుని కాదు, పద్నాలుగో సీటుని" అంది ఆవిడ. "నిన్ననే బుక్ చేశా. పుట్టింటి ఇంటిపేరుతో. నా కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు."

అబద్ధం లేకపోవడమే ఆవిడతో వచ్చిన చిక్కు. పెద్దాసుపత్రిలో మూడో నంబరు కిటికీ దగ్గర పేర్లు నమోదు చేసే ఉద్యోగం ఆవిడది. వయసు గడిలో "సుమారు నలభై" అని రాసినవాళ్ళని, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా సరే, వెనక్కి పంపి "సుమారు" కొట్టేయించేది. కూతురి బడి ఫారంలో తండ్రి వృత్తి దగ్గర "పర్యాటక అధికారి" అని రాయమని ఆయన బతిమాలుకున్నాడు. ఆవిడ "గైడు" అని రాసి, కింద గీత కూడా గీసింది.

అలా ఆరో యాత్ర ముప్ఫై రెండు తలలతో బయల్దేరింది. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన గొడుగు పద్నాలుగో సీటు దగ్గర ఆగింది. ఆ తల ఇంటి దగ్గర చూసిన తలే, కాకపోతే నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది.

బస్సుని కూడా దీవికి మోసుకెళ్ళే మొదటి పడవ దగ్గర ఆయన ఎప్పుడూ వేసే హాస్యం ఒకటుంది: "ఈ పడవ ఇంతవరకూ మునగలేదండీ. మునిగుంటే ఇది చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదు." నాలుగొందల సార్లు పైగా నవ్వించిన మాట. ఆ రోజు నోరు తెరిచి చూస్తే, పద్నాలుగో సీటు పెదవులు తనకంటే ముందే కదులుతున్నాయి. ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తుంటే విని విని ఆవిడకు కంఠతా వచ్చేసింది. ఆ కంగారులో ఆయన "ఈ పడవ మునగలేదండీ... మునుగుతుంది" అన్నాడు. ముప్ఫై ఒక్కమంది లైఫ్‌జాకెట్ల తాళ్ళు బిగించుకున్నారు.

రెండో దీవికి వెళ్తుండగా పద్నాలుగో సీటు పక్కనున్నావిడ గొంతు తగ్గించి అడిగింది. "ఈయనకి పెళ్ళయిందంటారా?"

"అయ్యే ఉంటుందండి."

"పాపం ఆ ఇల్లాలు! రోజూ ఈ జోకులు వినాలి."

"అలవాటైపోయి ఉంటుంది లెండి. ఫ్యాను చప్పుడులాగా."

మైకు కట్టేసినంత మాత్రాన చెవులు కట్టేసినట్టు కాదు. వాళ్ళకి ఎదురుగా, మూడు వరసల అవతల, మడత సీటు మీద కూర్చుని గైడు ఆ మాటలు వింటూ చిరునవ్వు నవ్వాడు. చిరునవ్వు కూడా నియమాల్లో ఉంది.

మూడో దీవిలో లైట్‌హౌస్ ఉంది. నూట తొంభై ఆరు మెట్లు. మోకాళ్ళు మొరాయించిన నాటి నుంచి, అంటే ఎనిమిదేళ్ళుగా, ఆయన దాన్ని అర కిలోమీటరు దూరం నుంచే గొడుగుతో చూపిస్తున్నాడు. "దురదృష్టవశాత్తూ మరమ్మతుల్లో ఉందండీ. ఒడ్డున అరగంట హాయిగా గడపండి." ఏ కట్టడానికైనా ఎనిమిదేళ్ళు మరమ్మతు జరుగుతుందంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో మాత్రం ఆ మూడు రంగుల కథ యథాతథంగా నడుస్తూనే ఉంది.

అరగంట తర్వాత గొడుగు లేచింది. ముప్ఫై ఒకటి. మళ్ళీ వెనక నుంచి. ముప్ఫై ఒకటి. ఏ తల లేదో ఆయనకి వేరే చెప్పనక్కర్లేదు.

రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకడు ముందు సీట్లో ఉన్నాడు. నలభై ఏళ్ళు రైళ్ళకి ఆలస్యం రాసిన చేయి కదా, ఊరుకోలేకపోయింది. కంపెనీ ఇచ్చిన కాగితం తీసి చదివాడు. "పదహారో షరతు. ప్రయాణికులు కనిపించకపోతే ఫారంలో ఇచ్చిన నంబరుకి వెంటనే తెలియజేయవలెను. డ్రైవరూ, ఆ జాబితా ఇలా పట్రావయ్యా."

"వచ్చేస్తారు లెండి సార్..." అన్నాడు గైడు.

"వచ్చేస్తారని షరతులో లేదు. పద్నాలుగు... ఇదిగో. అత్యవసరమైతే సంప్రదించవలసిన వ్యక్తి: భర్త. నంబరు కూడా ఎంత గుండ్రంగా రాసిందో చూడండి!"

ఆ గడిలో ఆవిడ అబద్ధం రాయదు. పెద్దాయన ఒక్కో అంకెనీ పైకి చదువుతూ తన ఫోనులో నొక్కాడు. గైడు ప్యాంటు జేబులోని ఫోనులో పిచ్చుకలు కూశాయి.

అందరూ ఆ జేబు వైపు చూశారు. తేలు కుట్టిన దొంగ కూడా కొంత నయం, వాడి తేలు కూయదు. "ఆఫీసు నుంచండీ" అని గైడు బస్సు వెనక్కి పరిగెత్తి, ఫోను చెవికి ఆనించాడు.

"హలో, మీ ఆవిడ కనిపించడం లేదండీ" అంది ఫోను. బస్సుకి అవతలి పక్క నుంచి కూడా అదే మాట వినిపించింది.

"అలాగాండీ" అన్నాడు గైడు గొంతు మార్చి.

"అలాగా ఏమిటండీ! దీవిలో తప్పిపోయింది!"

"తను తప్పిపోయే రకం కాదండీ. ఎదుటివాళ్ళే తప్పిపోవాలి."

ఫోను పెట్టేశాక పెద్దాయన అందరికీ తీర్పు వినిపించాడు. "ఏం మొగుడండీ! చీమ కుట్టినట్టయినా లేదు. గొంతు కూడా అచ్చం మన గైడుగారి గొంతులాగే నీరసంగా ఏడిచింది."

అప్పుడే పక్క సీటావిడ అరిచింది. "అదిగో!"

లైట్‌హౌస్ పైనుంచి పసుపుపచ్చ చేతిరుమాలు ఊగుతోంది. మరమ్మతు మాట విన్న ముప్ఫై రెండుమందిలో, వెళ్ళి తలుపు తోసి చూడాలని తోచింది ఆ ఒక్క తలకే. తలుపు తీసే ఉంది. లోపల కాపలావాడు, చాలాకాలానికి మనిషిని చూసిన సంతోషంలో, మంచినీళ్ళు కూడా ఇచ్చాడట.

"మరమ్మతులన్నారు?" అన్నాడు పెద్దాయన.

"ఈ పొద్దునే పూర్తయినట్టుందండీ" అన్నాడు గైడు.

ఇక అందరూ ఎక్కుతామన్నారు. ప్రయాణికులతోపాటు గైడు ఎక్కాలి, ముందు నడవాలి. ఒక మనిషి మాత్రమే పట్టే మెలికల మెట్లు. ముందు చీకటి, వెనక ముప్ఫై ఒక్కమంది. ఆగితే వెనక పెద్దాయన పొట్ట వీపుకి తగులుతుంది. తిరిగి దిగుదామంటే దారిలేదు. కిటికీ అన్నది అరచేయంత. అడకత్తెరలో పోకచెక్కకి ఒక్క సుఖముంది: దానికి మోకాళ్ళుండవు. "ఎనభై నాలుగు... ఎనభై అయిదు..." అని పెద్దాయన వెనక నుంచి ప్రకటిస్తున్నాడు. ఇన్నేళ్ళు తలలు లెక్కపెట్టిన మనిషికి తనని ఎవరో లెక్కపెడుతుంటే ఎలా ఉంటుందో అక్కడ తెలిసొచ్చింది.

పైన జనం ఫొటోల్లో పడ్డారు. భార్యాభర్తలు పరాయివాళ్ళలా రెండడుగుల ఎడంగా, సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

"రెండే రంగులున్నాయి" అంది ఆవిడ సముద్రంతో.

"మూడోది ఎండ పడితే వస్తుంది."

"ఎన్నేళ్ళయింది మీరు ఇది ఎక్కి?"

"ఎనిమిది."

ఆవిడ ఆయన కాళ్ళ వైపు చూసింది. "మోకాళ్ళా?"

"ఊఁ."

"చెప్పచ్చుగా."

"చెబితే నువ్వు ఏదో ఒక ఫారంలో రాస్తావు."

ఆవిడకి నవ్వొచ్చింది కానీ, నల్లకళ్ళద్దాల వెనక దాచుకుంది. "పోన్లెండి. ఇంకెంత, రెండు రోజులు. కుర్చీ వచ్చేస్తుంది. గైడుగా ఇదే మీ ఆఖరిది" అని, పక్కనెవరో రావడం చూసి గొంతు పెంచింది. "చాలా బావుందండీ, గైడుగారూ!"

దిగడం ఎక్కడం కంటే కష్టమని ఎక్కినవాళ్ళందరికీ తెలుసు, దాన్ని వదిలేద్దాం.

చివరి రెండు రోజులూ పాత రాజధాని. అక్కడి చివరి రాజుని, గెలిచినవాళ్ళు సొంత కోటలోనే బంధించారు. పదకొండేళ్ళపాటు ఆయన గదిలోంచి గదిలోకి నడుస్తూ బతికాడు. ఆ గదుల్లోనే గైడు ఇరవై మూడేళ్ళుగా నడుస్తున్నాడు, ఈ పోలిక ఆయనకి ఇంతవరకూ తట్టలేదు. ఆ రోజు మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి కాబట్టి తట్టింది. తట్టగానే చెబుతున్న అంకె మరిచిపోయాడు.

"రాజుగారు మొత్తం... మొత్తం..."

"పదిహేడు గదుల్లో" అంది పద్నాలుగో సీటు.

పెద్దాయన వెనక్కి తిరిగాడు. "మీరు ఇంతకుముందు వచ్చారా అమ్మా?"

"లేదండీ. విన్నాను."

అదీ నిజమే.

ఆఖరి ఉదయం హోటలు భోజనాల గదిలో ఫారాలు పంచారు. గైడు గుమ్మం దగ్గర నిలబడి పెన్నులు అందించాడు. ఫారాలు నింపుతున్నప్పుడు గైడు బల్లల దగ్గరికి రాకూడదు. లైట్‌హౌస్ దెబ్బకి అందరూ ఉత్సాహంగా ఉన్నారు. పెద్దాయన "సమయపాలన మినహా అత్యుత్తమం" అని పైకి చదువుతూ రాశాడు. పద్నాలుగో సీటు అందరికంటే ఎక్కువసేపు తీసుకుంది. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివింది, గీతలు స్కేలు పెట్టినట్టు గీసింది, మడతపెట్టి పెట్టెలో వేస్తూ ఆయనకి మాత్రమే కనిపించేలా కనుబొమ్మ ఎగరేసింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆయన తిరుగు ప్రయాణంలో మడత సీటు మీద కునుకు తీశాడు. కలలో సీటు గుండ్రంగా తిరిగింది.

మర్నాడు ఆఫీసులో మేనేజరు ఫారాలు తిరగేశాడు.

"ముప్ఫై ఒకటి బంగారమయ్యా. ఒక్కటే... ఇదిగో. ఎనిమిది ప్రశ్నలకీ 'అవును'. తొమ్మిదో ప్రశ్న: ఈ గైడుతో మళ్ళీ ప్రయాణిస్తారా? 'లేదు' అని కొట్టింది. కింద గీత కూడా గీసింది. పద్నాలుగో సీటు. ఎవరావిడ? నీకేమైనా పడలేదా?"

గైడు లెక్క వేసుకున్నాడు. ఎవరో చెబితే కుర్చీతోపాటు ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే కుర్చీ ఒక్కటే పోతుంది.

"ఎవరోనండీ" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పకుండానే అడిగాడు. "తొమ్మిదో ప్రశ్నకి అలా ఎందుకు రాశావు?"

"ఎలా రాశాను?"

"మళ్ళీ రానని!"

ఆవిడకి నిజంగానే ఆశ్చర్యమేసింది. "మీరు కుర్చీలో కూర్చుంటే, ఈ గైడుతో నేను మళ్ళీ ఎలా వెళ్తానండీ? అవునని రాస్తే అబద్ధం కాదూ?"

ఆయన ఆ వాక్యాన్ని ఎనిమిది వైపుల నుంచీ తిప్పి చూశాడు. ఎక్కడా పగులు దొరకలేదు. ఒక్క "లేదు"కే కుర్చీ పోయిందని ఆయన చెప్పేసరికి భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "రేపు వెళ్ళి దిద్దించుకొస్తాను" అంది. నింపి ఇచ్చేసిన ఫారాన్ని దిద్దనివ్వకూడదని మూడో నంబరు కిటికీ దగ్గర పెద్దక్షరాలతో రాసి అంటించింది ఆవిడే. అది ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ళకి తైలం వేడి చేసి తెచ్చింది.

తర్వాతి యాత్ర సోమవారం బయల్దేరింది. గైడు వెనక నుంచి ముందుకి లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిదిమంది. సరిపోయారు.