డప్పు మోగని గ్రామసభ

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సులువు. రుమాలు వేసి పట్టుకున్న బస్సు సీట్లో ఎవరో కూర్చుంటే, లేవమని అడగలేక జనగామ నుంచి వరంగల్ దాకా నిలబడి వెళ్ళిన మనిషిని. అలాంటి నాకు పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. నెల్లికుదురు దాటాక ఒక లంబాడీ తండా. మానుకోటలో గది తీసుకుని రోజూ స్కూటీ మీద వెళ్ళేదాన్ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, ఎప్పుడైనా పొమ్మనవచ్చు.

తండా సర్పంచ్ ఆడమనిషి. సీటు మహిళలకు రిజర్వు అయింది కాబట్టి ఆమె గెలిచింది, ఆమె భర్త పాలించాడు. అందరూ అతన్నే సర్పంచ్ సాబ్ అనేవారు. ఆఫీసు కుర్చీ మీద ఎప్పుడూ అతని తువ్వాల పరిచి ఉండేది. ఆమెను నేను అక్కా అనేదాన్ని. అక్క మిర్చి ఏరి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి వెళ్ళేది. మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం. పేజీలు తిప్పేది నేనే. ఇందులో ఫలానాది ఉందక్కా అని ఒక్కనాడూ చెప్పలేదు. ఆమె అడగలేదు కదా అని సమాధానపడేదాన్ని.

ఒక పొద్దున సర్పంచ్ సాబ్ పక్క ఊరి పటేల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. తండా వెనక గుట్ట పటేల్‌కు క్వారీ కోసం కావాలట. తండా పశువులన్నీ మేసేది ఆ గుట్ట మీదే. జనం ఒప్పుకున్నట్టు గ్రామసభ తీర్మానం ఉంటే తప్ప పని జరగదు.

"మీటింగ్ గీటింగ్ ఎందుకు మేడం, ఉత్త పరేషాన్. మొన్న సోమారం అయినట్టు రాయి. సంతకాలు, ఏలిముద్రలు నేను వట్టుకొస్త," అన్నాడు సర్పంచ్ సాబ్.

"జనం రావాలి కదా..." అని గొణిగాను. పటేల్ నవ్వాడు. చాలా మర్యాదగా నవ్వాడు.

"మీది జనగామనేనట గదమ్మా. బస్టాండు కాడ సైకిల్ దుకాణం మీ బాపుదేనట. మంచి మనిషి. దినమంత ఒక్కడే కూసుంటడు పాపం."

అంతే అన్నాడు. బాపు సంగతి ఇతనికెవరు చెప్పారు, ఎందుకు కనుక్కున్నాడు? ఆ రెండూ అడగలేదు. తీర్మానాల పుస్తకం తెరిచి రాశాను.

తీర్మానం ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలవుతుంది. ముందురోజు ఊళ్ళో డప్పు చాటింపు వేయించి, ప్రజలందరికీ తెలియజేసి, సభ జరిపినాము అని. చేతికి అలవాటైన వాక్యం. ఆలోచించకుండానే రాసేశాను.

సర్పంచ్ సాబ్ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళాడు. రెండు రోజుల్లో కావలసినన్ని వేలిముద్రలు పడ్డాయి. అక్క సంతకం ఒక్కటే మిగిలింది. ఆమె పుస్తకం చంకన పెట్టుకుని ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. మిర్చి ఘాటు ఆమెకంటే ముందే లోపలికొచ్చింది.

"సదువు బిడ్డా."

అంతకుముందు ఎన్నడూ అడగని మనిషి. చదివాను. డప్పు మాట రాగానే చెయ్యెత్తి ఆపింది.

"ఐతారం, సోమారం నేను ఇంట్లనే ఉన్న. కోడలు బాలింత. డప్పు ఎప్పుడు గొట్టిండ్రు?"

నేను బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాను.

"నీకు భయమైందా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "గుట్ట పోతే మా బర్లు ఏడ మేస్తయి," అని మాత్రం అని, పుస్తకం మూసి మళ్ళీ చంకన పెట్టుకుంది.

"అది ఇక్కడే ఉండాలక్కా," అన్నాను.

"నా కాడ ఉండనియ్యి," అని వెళ్ళిపోయింది.

పుస్తకం మూడు రోజులు అక్క దగ్గరే ఉంది. నా చేత్తో రాసిన అబద్ధం ఏ బియ్యం డబ్బాలోనో, ఏ పెట్టెలోనో ఉంది. ఎవరికి చూపిస్తుందో తెలియదు. పటేల్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి సంతకం అయిందా అని అడిగేవాడు. నేను వెంటనే బాపుకు ఫోన్ చేసి, దుకాణానికి కొత్తవాళ్ళెవరైనా వచ్చారా అని అడిగేదాన్ని.

"కొత్తోళ్ళు రాకుంటే దుకాణం ఎట్ల నడుస్తది బిడ్డా," అని ఆయన నవ్వేవాడు.

నాలుగో రోజు తండా మొదట్లో ఉండగానే డప్పు వినిపించింది. పక్క ఊరి నుంచి డప్పు కొట్టే పెద్దాయనను అక్కే పిలిపించింది. రేపు గ్రామసభ అని చాటింపు. స్కూటీ తిప్పుకుని జనగామ వెళ్ళిపోదామా అని నిజంగానే అనుకున్నాను.

సభకు పటేల్ వచ్చాడు, సంగతి తేల్చమని ఒక పై అధికారిని కూడా తెచ్చుకున్నాడు. ఆడవాళ్ళు మిర్చి చేన్ల నుంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ భాష రాదు కాబట్టి ప్రతి మాటా నా గురించే అనిపించింది. అక్క కుర్చీ మీది తువ్వాల తీసి, మడిచి, మొగుడి చేతికిచ్చి కూర్చుంది. పుస్తకం నాకిచ్చింది.

"అందరికి ఇనవడేటట్టు సదువు."

నిలబడి చదివాను. డప్పు దగ్గర మళ్ళీ ఆపింది.

"సోమారం మీటింగుకు డప్పు ఇన్నోళ్ళు చెయ్యి లేపుండ్రి."

ఎవరూ లేపలేదు. వేలిముద్రలు వేసిన మగవాళ్ళు నేల చూపులు చూశారు.

"ఇననోళ్ళు?"

ముందు ఒక ముసలవ్వ లేపింది. తర్వాత ఆడవాళ్ళందరూ. మిర్చికి మండి ఎర్రబడ్డ చేతులు. అధికారి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, సోమవారం సభ జరిగిందా, లేదా?"

పటేల్ కూడా చూస్తున్నాడు, అదే మర్యాద నవ్వుతో. జరిగింది అంటే నా ఉద్యోగం ఉంటుంది, బాపు జోలికి ఎవరూ పోరు, గుట్ట పోతుంది. చెయ్యి లేపాను. కలం ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.

"డప్పు కొట్టలే సార్. సభ కాలే. నేనే రాసిన."

తీర్మానం రద్దయింది. నాకు మెమో ఇచ్చి, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి, భూపాలపల్లి వైపు ఒక ఊరికి పంపారు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఇప్పుడూ భయమే. బాపుకు రోజూ ఫోన్ చేస్తాను. డప్పు నా చెవులతో వింటే తప్ప ఆ మొదటి వాక్యం రాయను.

మెమో అందుకుని తండా వదిలే రోజు కోపం పట్టలేక అక్కను అడిగాను.

"ముందే ఒక మాట చెప్తే నేనే ఒప్పుకుందును కదక్కా. అందరి ముందూ నిలబెట్టాలా?"

"ముందుగాల జెప్తే నువ్వు జరమొచ్చిందని లీవు వెడుదువు," అంది. నిజమే, పెట్టేదాన్ని. "నాకు భయం గాలేదనుకున్నవా? కుర్సీల కూసున్నంక కాళ్ళు ఒకటే వణుకుడు. నేనొక్కదాన్నే అబద్ధమంటే నన్నొక్కదాన్నే తంతరు. అందరు చేతులు లేపితే ఎంతమందిని తంతరు? గందుకే లేపిచ్చిన."

కొంగు సర్దుకుంటుంటే ఆమె మోచెయ్యి కనబడింది. పైదాకా కమిలి నల్లబడి ఉంది. నేను చూడటం చూసి కొంగు కప్పుకుంది.

"పుస్తకం ఏడ వెట్టినవని ఇంటాయన మూడు దినాలు అడిగిండు. జెప్పలే."

ఆ మూడు రోజులూ నేను బాపుకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను.