మసి అంటని తువ్వాల

మా బొగ్గు గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే ఒకాయన ఉండేవాడు, అందరం ‘కాక’ అని పిలిచేవాళ్లం. షిఫ్టు ముగిశాక ముక్కు తుడుచుకుంటే మా అందరి తువ్వాలలూ నల్లబడేవి. ఆయన బూట్లు విప్పడానికి వంగినప్పుడల్లా కుడి ముక్కులోంచి తేటగా నీటి చుక్కలు రాలేవి. ఆయన తువ్వాల తడిసేదే గానీ నల్లబడేది కాదు.

“ఏంది కాకా, నువ్వంటే బొగ్గుకు గూడ భయమా?” అని ఏడిపించేవాళ్లం.

“జలుబురా. గదే పోతది.”

ఒకరోజు తలనొప్పితో కూలబడితే దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు స్కాన్ చూసి, ఎప్పుడైనా తలకు రాయి తగిలిందా అని అడిగాడు. తగిలిందన్నాడు కాక.

“పుర్రె అడుగున చీలిక పడింది. కారుతున్నది జలుబు కాదు, మెదడు చుట్టూ తిరిగే నీరు. ఆ దారిన క్రిములు లోపలికి పోతే ప్రాణానికే ముప్పు.”

నా చేతిలో, మసిని ఎప్పటికప్పుడు కడిగేసిన ఆ నీటితో తడిసిన ఆయన తువ్వాల ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

“అయ్యో, గంత పారబోస్తినా! లోపలేమన్న మిగిలిందా సారూ?”

“రక్తంలోంచి రోజూ కొత్తగా ఊరుతుంది. ముందు చీలిక మూయాలి.”

ఆపరేషనయ్యాక కొన్ని నెలలకు ఆయనకు గని బయట, బొగ్గు నిల్వచేసే బంకరు దగ్గర డ్యూటీ ఇచ్చారు. ఒక సాయంత్రం నన్ను కేకేసి, నా ముందే వంగి బూట్లు విప్పాడు. ఒక్క చుక్క రాలలేదు. ముక్కు తుడుచుకుని తువ్వాల విప్పి చూపించాడు.

“చూస్తివారా, నల్లగైంది!”